విజయనగరం, శ్రీకాకుళం ఉత్సవాలకు ఎలా వెళ్ళాలి: ఏడాది పొడవునా యాత్రికులకు ఒక మార్గదర్శి

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి దూరప్రాంతాల నుంచి వచ్చేవారిలో చాలామంది మంగళవారం మధ్యాహ్నానికి రైలు దిగి, జనంలో చిక్కుకుని, ఎక్కడో దూరాన సిరిమాను (పూజారిని కొనన కూర్చోబెట్టి ఊరేగించే పొడవైన మాను) కొనను ఒక్కసారి చూసి, రాత్రికే తిరుగు ప్రయాణం కడతారు. వారు చూసినది పండుగలో చివరి ఘట్టం మాత్రమే. అమ్మవారి పండుగ సోమవారం రాత్రి తొలేళ్ళతోనే మొదలవుతుంది. అరసవల్లిలో రథసప్తమి తెల్లవారకముందే, అర్ధరాత్రి అభిషేకంతో ఆరంభమవుతుంది. శ్రీకూర్మంలో డోలోత్సవానికి ముందు కామదహనం జరుగుతుంది. కాబట్టి ఈ ప్రాంతపు ఉత్సవాలను మనసారా చూడదలచినవారు పాటించవలసిన మొదటి నియమం ఒక్కటే: ముందురోజు సాయంత్రానికే ఆ ఊరు చేరుకోవాలి. కింద చెప్పిన ఏర్పాట్లలో చాలావరకు ఆ నియమాన్ని పాటించడం కోసమే.

మొదట తేదీలను తేల్చుకోండి

ప్రయాణం అనుకున్న వెంటనే చేయవలసిన పని ఆ ఏటి తెలుగు పంచాంగాన్ని దగ్గర పెట్టుకోవడం. ఇక్కడి ఉత్సవాలు తేదీల విషయంలో మూడు రకాలుగా ఉంటాయి. కొన్ని తిథిని బట్టి వస్తాయి. మాఘ శుద్ధ సప్తమి నాడు అరసవల్లి రథసప్తమి, మాఘ బహుళ చతుర్దశి నాడు శివరాత్రి, ఫాల్గుణ పౌర్ణమికి శ్రీకూర్మం డోలోత్సవం ఈ కోవలోనివి. వీటి ఆంగ్ల తేదీలు ఏటేటా ఎంతగా జరుగుతాయో గమనించండి: రథసప్తమి 2024లో ఫిబ్రవరి 16న, 2025లో ఫిబ్రవరి 4న వస్తే, 2026లో జనవరి 25నే వచ్చింది. గత ఏడాది తేదీని నమ్ముకుని సెలవు పెట్టినవారికి ఉత్సవం దక్కదు.

రెండవ రకం తిథితో పాటు వారం కూడా కలిసి రావలసినవి. సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. 2024లో అది అక్టోబరు 15న, 2025లో అక్టోబరు 7న జరిగింది. దసరా నాడే ఉత్సవం అనుకుని వచ్చి, ఊళ్ళో ఇంకా పందిళ్ళు వేస్తుండగా చూసి వెళ్ళిపోయేవారు ఏటా ఉంటారు. మూడవ రకం సూర్యగమనాన్ని బట్టి వచ్చేవి. సంక్రాంతి జనవరి 14న గాని 15న గాని వస్తుంది. అరసవల్లి స్వామి పాదాలను సూర్యకిరణాలు తాకే రోజులు కూడా అంతే. మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోను, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోను ఆ దృశ్యం కనిపిస్తుంది.

పంచాంగంలో తేదీ చూసుకున్నాక, ఉత్సవానికి నెల ముందు ఆలయంవారు ప్రకటించే కార్యక్రమాన్ని కూడా సరిచూసుకోవాలి. తిథి రెండు రోజులకు విస్తరించినప్పుడు ఏ రోజున జరపాలన్నది ఆలయ పండితులే నిర్ణయిస్తారు.

ఇంకొక్క జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. శంబర, సీతంపేట, పాలకొండ ఇప్పుడు ఆ జిల్లాలోకి వెళ్ళాయి. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం, వంగర ప్రస్తుతం విజయనగరం జిల్లాలో ఉన్నాయి. పాత పుస్తకాలలోని జిల్లా పేరును పట్టుకుని వాహనం మాట్లాడుకుంటే దారి తప్పకపోయినా, మకాం ఎక్కడ పెట్టుకోవాలన్న లెక్క తప్పుతుంది.

మకాం ఎక్కడ పెట్టుకోవాలి

రెండు పట్టణాలనూ ఒకే మకాం నుంచి చూడవచ్చుననుకోవద్దు. విజయనగరం నుంచి శ్రీకాకుళం సుమారు 70 కిలోమీటర్లు. మామూలు రోజున అది చిన్న ప్రయాణమే గాని, ఉత్సవం నాడు ఊరు దాటడానికే చాలా సమయం పడుతుంది. పైడితల్లి పండుగకు, రామతీర్థానికి, బొబ్బిలికి, పుణ్యగిరికి విజయనగరంలో దిగండి. అరసవల్లికి, శ్రీకూర్మానికి, శ్రీముఖలింగానికి శ్రీకాకుళంలో ఉండండి. రావివలస, తేలినీలాపురం చూడాలంటే టెక్కలి గాని పలాస గాని దగ్గర.

రైలులో శ్రీకాకుళం వచ్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం రోడ్డు స్టేషను పట్టణంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్టణానికి ఆటో గాని బస్సు గాని ఎక్కాలి. రథసప్తమి ముందురోజు రాత్రి పొద్దుపోయాక దిగేవారు ఈ చివరి పది పన్నెండు కిలోమీటర్ల గురించి ముందే ఆలోచించుకోకపోతే, అర్ధరాత్రి అభిషేకం వేళకు ఇంకా స్టేషను బయటే నిలబడవలసి వస్తుంది.

రైలు టికెట్ల రిజర్వేషను ప్రస్తుతం ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. మిగిలిన పండుగలకు కొంత ఆలస్యమైనా ఫరవాలేదు గాని సంక్రాంతికి మాత్రం మొదటి రోజునే తీసుకోవాలి. హైదరాబాదుకు, విజయవాడకు, చెన్నైకి పనుల కోసం వలస వెళ్ళిన వేలాది కుటుంబాలు ఆ నాలుగు రోజులకే సొంతూళ్ళకు వస్తాయి. ఏడాదంతా తాళం వేసి ఉన్న ఇళ్ళ ముందు భోగి మంట వేసి, ముగ్గు పెట్టి, అరిసెలు వండుకుంటారు. ఆ రైళ్ళు మొదట వారికి దక్కవలసినవి. ఇక్కడ బంధువులు లేని యాత్రికులు సంక్రాంతిని వదిలి, ఆ తరువాతి వారం రావడం మంచిదని నా అభిప్రాయం. పల్లెల్లో పండుగ కళ అప్పటికీ పూర్తిగా పోదు, శంబర పోలమాంబ జాతర కూడా ఆ రోజులకు దగ్గరలోనే ఉంటుంది.

సిరిమానోత్సవాన్ని ఎలా చూడాలి

ఏడాదికి ఒక్క ప్రయాణమే వీలయ్యేవారు దీనినే ఎంచుకోవాలి. అయితే చూడడానికి ముందు కథ తెలిసి ఉండాలి, లేకుంటే ఊరేగింపులో సిరిమానుతో పాటు వచ్చేవన్నీ ఎందుకు వస్తున్నాయో అర్థం కాదు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం తరువాత కొద్ది రోజులకే విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు హతుడయ్యాడు. ఆయన చెల్లెలు పైడిమాంబ ఆ దుఃఖంలో పెద్దచెరువులో ఐక్యమైందనీ, తరువాత పతివాడ అప్పలనాయుడికి దర్శనమిచ్చి, ఆయన చేతనే చెరువు నుంచి విగ్రహాన్ని వెలికి తీయించుకున్నదనీ ఇక్కడివారి నమ్మకం. విగ్రహాన్ని బయటికి తీయడంలో బెస్తవారు సాయపడ్డారు గనుకనే నేటికీ సిరిమాను ముందు బెస్తవారి వల నడుస్తుంది. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం కూడా ఆ వరుసలోనే వస్తాయి.

సిరిమాను అంటే ఏపుగా పెరిగిన పొడవైన చింతమాను. ఆ చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని విశ్వాసం. సిరిమానుకు, దానిని మోసే ఇరుసుమానుకు చెట్లను గుర్తించి, పూజలు చేసి, కొట్టి, ఊరేగింపుగా హుకుంపేటకు తెస్తారు. అక్కడ వడ్రంగులు దానిని చెక్కి సిద్ధం చేస్తారు. పండుగకు రెండు మూడు రోజుల ముందే రాగలిగినవారు హుకుంపేటకు వెళ్ళి ఆ పనిని దగ్గర నుంచి చూడండి. మంగళవారం నాడు తలెత్తి చూసే మానును అక్కడ కళ్ళెదుట, చేతికందే దూరంలో చూడవచ్చు. భక్తులు పసుపు కుంకుమలతో పూజలు చేస్తూ ఉంటారు కాబట్టి చెప్పులు దూరంగా విడిచి వెళ్ళాలి.

సోమవారం ఉదయం వీలైతే రైల్వే స్టేషను దగ్గరి వనంగుడిలో అమ్మవారిని దర్శించుకుని, ఆ తరువాత మూడులాంతర్ల కూడలి దగ్గర చదురుగుడికి వెళ్ళండి. అమ్మవారికి రెండు గుళ్ళు ఉన్నాయన్న సంగతి తెలియక ఒక్కదానితో తిరిగిపోయేవారు ఎక్కువ. సాయంత్రం నుంచి ఊరి రూపు మారిపోతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి రైతు కుటుంబాలు కాలినడకన, ఆటోల్లో, ట్రాక్టర్ల మీద వచ్చి రోడ్ల పక్కనే మకాం వేస్తాయి. తప్పెటగుళ్ళ బృందాలు, పులివేషాలు, కోలాటాలు, సాముగారడీలు వీధుల్లో కనిపిస్తాయి. తప్పెటగుళ్ళు మాత్రం నిలబడి పూర్తిగా చూడండి; రొమ్మున కట్టుకున్న రేకు తప్పెటను వాయిస్తూ, గజ్జెలతో గుండ్రంగా ఆడే ఆ ఆట ఉత్తరాంధ్రకే సొంతమైనది, వేదిక మీద పది నిమిషాలకు కుదించిన ప్రదర్శనలో దాని ఊపు తెలియదు. రాత్రి తొలేళ్ళ ఉత్సవంలో పూజారి చేతుల మీదుగా రైతులు విత్తనాలు అందుకుంటారు. వాటిని తమ విత్తనాలలో కలిపి చల్లుకుంటే పంట బాగుంటుందని వారి నమ్మకం. పండుగంతటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇదే. మంగళవారం వచ్చేది ఊరందరి పండుగ. సోమవారం రాత్రిది రైతుల పండుగ.

మంగళవారం మధ్యాహ్న భోజనం పెందలాడే ముగించి, పన్నెండు గంటలకల్లా మూడులాంతర్లకూ కోటకూ మధ్యనున్న దారిలో చోటు చూసుకోవాలి. సిరిమాను కొనన అమర్చిన ఆసనంలో పూజారి కూర్చోగా, చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మూడు తిరుగుళ్ళు ఉంటాయి కాబట్టి మొదటిసారి సరిగా కనిపించకపోయినా తోసుకుని ముందుకు వెళ్ళవలసిన అవసరం లేదు. భక్తులు అరటిపండ్లు విసురుతారు. తలకు తగలకుండా చూసుకోవాలి, కింద పడినవాటి మీద కాలు జారకుండా మరింత చూసుకోవాలి. చిన్నపిల్లలతో, పెద్దవారితో వచ్చినవారు రోడ్డు మీద నిలబడవద్దు. దారి వెంట తెలిసినవారి మేడ ఉంటే ముందే అడిగి పెట్టుకోండి; ఆ రోజు విజయనగరంలో చుట్టాలు లేని ఇల్లు ఉండదు, అయినా అడిగినవారిని కాదనడం ఇక్కడ అరుదు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం విజయనగర ఉత్సవాలను కూడా నిర్వహిస్తూ వస్తోంది. ఆనందగజపతి ఆడిటోరియం వంటి చోట్ల జరిగే సంగీత, సాహిత్య కార్యక్రమాలకు సాయంత్రం వెళ్ళవచ్చు. మరుసటి రోజు ఉండగలిగితే, 1919లో స్థాపితమై ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా ఉన్న మహారాజా సంగీత కళాశాలను, గురజాడ అప్పారావు ఇంటిని, 1713లో కట్టిన కోటను చూడండి. జనం తాకిడి వల్ల సిరిమానోత్సవానికి రాలేనివారు ఆ తరువాతి వారాల్లో పెద్దచెరువులో జరిగే తెప్పోత్సవానికి రావచ్చు. ప్రశాంతంగా చూడడానికి అది మంచి సందర్భం.

అరసవల్లికి ఏ రోజున వెళ్ళాలి

ఇక్కడ ముందుగా నిర్ణయించుకోవలసినది, మీకు కావలసినది రథసప్తమి దర్శనమా, సూర్యకిరణ దర్శనమా అన్నది. రెండూ వేరు వేరు రోజులు.

రథసప్తమికి వచ్చేవారు షష్ఠి నాటి మధ్యాహ్నానికే శ్రీకాకుళం చేరి, భోజనం చేసి, కొంతసేపు నిద్రపోవాలి. అర్ధరాత్రి దాటాక క్షీరాభిషేకం మొదలవుతుంది. ఆ తరువాత రోజంతా స్వామి నిజరూప దర్శనం లభిస్తుంది. పట్టణం నుంచి ఆలయం రెండు మూడు కిలోమీటర్లే, కానీ వాహనాలను దూరంగా ఆపివేస్తారు కాబట్టి నడక తప్పదు. క్యూలో గంటల తరబడి నిలబడవలసి ఉంటుంది. మాఘమాసపు తెల్లవారుజామున చలి ఉంటుంది గనుక పెద్దవారికి శాలువా, అందరికీ మంచినీళ్ళు తప్పనిసరి. మధుమేహం ఉన్నవారు తినడానికి ఏదైనా వెంట ఉంచుకోవాలి. ఉత్సవాన్ని 2025లో రాష్ట్ర పండుగగా ప్రకటించాక రద్దీ మరింత పెరిగింది. అంత జనంలో నిలబడలేనివారు మాఘమాసంలోని ఆదివారాలను కూడా వదిలి, మామూలు వారపు రోజున రావడమే మేలు.

కిరణ దర్శనానికి ఏర్పాటు వేరే విధంగా ఉండాలి. ఉదయం సూర్యోదయమైన కొద్దిసేపటికి కిరణాలు ముఖద్వారం గుండా, అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఆ దృశ్యం నిలిచేది కొద్ది నిమిషాలే. మబ్బు పట్టినా, మంచు కమ్మినా ఆ రోజుకు లేనట్టే. అందువల్ల ఒక్క ఉదయాన్ని నమ్ముకుని రావద్దు. రెండు ఉదయాలైనా చేతిలో ఉంచుకోండి, తెల్లవారకముందే లోపలికి చేరుకోండి. మార్చిలో ఆకాశం నిర్మలంగా ఉండే అవకాశం ఎక్కువ. అక్టోబరులో వానల భయం ఉంటుంది గాని, దసరా త్వరగా వచ్చిన సంవత్సరాల్లో మరొక సౌకర్యం ఉంది. 2025లో అక్టోబరు 2న విజయదశమి, 7న సిరిమానోత్సవం వచ్చాయి. అటువంటి ఏడాది ఒకే వారం సెలవుతో అరసవల్లి కిరణ దర్శనం, సిరిమాను రెండూ చూడవచ్చు.

శ్రీకూర్మం డోలోత్సవం

శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం పన్నెండు పదమూడు కిలోమీటర్లు. కూర్మావతారానికి ఇంతటి ప్రాచీన ఆలయం మరొకటి కనిపించదు; రెండు ధ్వజస్తంభాలు, పడమటి వైపు తిరిగిన మూలమూర్తి, స్తంభాల మీది వందలాది శాసనాలు చూడడానికే ఒక పూట కావాలి. ఫాల్గుణ పౌర్ణమికి కామదహనంతో మొదలయ్యే ఉత్సవంలో స్వామిని డోలా మండపానికి తీసుకువెళ్ళి ఊయల సేవ చేస్తారు. భక్తులు రంగులు, బుక్కా గులాలు సమర్పిస్తారు. తెల్లని నూలుబట్ట కట్టుకుని వెళ్ళండి, రంగు పడినా బాధపడకండి. గుడి ఆవరణలోని నక్షత్ర తాబేళ్ళను పిల్లలకు చూపించండి గాని చేతితో ముట్టుకోనివ్వవద్దు. ఫాల్గుణ పౌర్ణమి మార్చి రెండవ వారానికి దగ్గరగా వచ్చిన ఏడాది అరసవల్లి కిరణ దర్శనాన్ని, డోలోత్సవాన్ని ఒకే ప్రయాణంలో కలుపుకోవచ్చు.

శివరాత్రికి ఒక్క క్షేత్రాన్నే ఎంచుకోండి

శివరాత్రి నాడు ఈ ప్రాంతంలో ఎక్కడికి వెళ్ళినా జాతరే. శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి, నెల్లిమర్ల దగ్గర రామతీర్థం, నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసే వంగర మండలంలోని సంగాం, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం, అన్నీ ఒకే రాత్రి. ఒకే రోజు రెండు క్షేత్రాలు చూడాలని పూనుకుంటే రాత్రంతా రోడ్డు మీదే గడుస్తుంది, జాగరణ అయితే అవుతుంది గాని ఉత్సవం చూసినట్టు కాదు. కొండ ఎక్కగలిగినవారు, పచ్చని అడవిని ఇష్టపడేవారు పుణ్యగిరి వెళ్ళండి. రాముడి కోవెల ఉన్న చోట శివరాత్రి జాతర ఇంత ఘనంగా జరగడం చూడాలనుకుంటే రామతీర్థం వెళ్ళి, మరుసటి ఉదయం గురుభక్తుల కొండ మీది బౌద్ధ శిథిలాలు కూడా చూసి రండి.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి మాత్రం శ్రీముఖలింగమే. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలలోని శిల్పాన్ని తీరికగా చూడాలంటే శివరాత్రి జనంలో సాధ్యం కాదు. ఉత్సవాల ముగింపులో వంశధారలో చక్రతీర్థ స్నానాలు జరుగుతాయి. ఆ రోజున ఒడిశా నుంచి కూడా భక్తులు వస్తారు. నాకు తోచిన మార్గం ఏమిటంటే, శివరాత్రి మరుసటి రోజు వెళ్ళి ఆలయాలు చూసుకుని, చక్రతీర్థ స్నానాల రోజు దాకా శ్రీకాకుళంలోనో, నరసన్నపేటలోనో ఉండడం. నదిలో దిగేటప్పుడు పోలీసులు, ఈతగాళ్ళు ఉన్న రేవులోనే దిగాలి. వేరే చోట ఇసుక గుంటల లోతు పైకి తెలియదు.

శంబర పోలమాంబ, గిరిజనుల పండుగలు

సంక్రాంతి తరువాత, జనవరి ద్వితీయార్ధంలో మక్కువ మండలం శంబరలో పోలమాంబ జాతర జరుగుతుంది. ఇక్కడా సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను, బుధవారం అనుపోత్సవం (అమ్మవారిని సాగనంపే వేడుక). రైలులో బొబ్బిలి గాని పార్వతీపురం గాని వచ్చి రోడ్డు మార్గాన వెళ్ళాలి. శంబరలో లాడ్జీలు ఆశించవద్దు. బొబ్బిలిలో మకాం పెట్టుకుంటే, తీరిక వేళ గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేసే కళాకారుల పని చూడవచ్చు. జాతరలో కోళ్ళు, మేకలు మొక్కుగా సమర్పిస్తారు. పిల్లలకు ఆ సంగతి ముందే చెప్పి తీసుకువెళ్ళండి. అక్కడికి వెళ్ళాక ముఖం చిట్లించడం ఆతిథ్యమిచ్చినవారిని నొప్పిస్తుంది.

సీతంపేట ప్రాంతపు సవర గూడేల్లో కందికొత్తల పండుగ చలికాలం చివర్లో జరుగుతుంది. కొత్త కందులను అమ్మతల్లికి, పితరులకు పెట్టకుండా తినరు. తేదీ ఒక్కొక్క గూడేనికి ఒక్కొక్కటి. ఊరి పెద్దల అనుమతి లేకుండా వెళ్ళకూడదు. తెలిసిన ఉపాధ్యాయుల ద్వారానో, ఆరోగ్య కార్యకర్తల ద్వారానో అడిగించండి, పిలిస్తేనే వెళ్ళండి, కెమెరాను సంచిలోనే ఉంచండి.

కార్తీకం, పక్షుల కాలం

కార్తీక సోమవారాల్లో టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునస్వామికి పెద్ద జాతర జరుగుతుంది. స్వామికి పైకప్పు లేదు, ఎండలోనే ఉంటాడు గనుక ఆ పేరు. ఉదయం అక్కడ దర్శనం చేసుకుని, ఎండ తగ్గాక నౌపడ వైపున్న తేలినీలాపురం వెళ్ళండి. అక్టోబరు మొదలు మార్చి దాకా గూడబాతులు, రంగురంగుల కొంగలు అక్కడి చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. పక్షులు వస్తే ఊరికి మంచిదని గ్రామస్థులు నమ్ముతారు, వాటిని బెదరనివ్వరు. మీరూ గట్టిగా మాట్లాడకుండా, వెనుక నుంచి వెలుతురు పడే సాయంకాలం చూడండి. దూరదర్శిని వెంట తెచ్చుకుంటే గూటిలోని పిల్లలు కూడా కనిపిస్తాయి.

అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చేవారు తుపాను హెచ్చరికలను రోజూ చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ పండుగల కాలంలోనే వచ్చాయి. రద్దు చేసుకోగలిగే టికెట్లు, గదులు తీసుకోవడం ఈ రెండు నెలలకు తప్పనిసరి.

సంచిలో ఏమి ఉండాలి, ఏమి తెచ్చుకోవాలి

జాతర రోజున లక్షల ఫోన్లు ఒకేసారి పనిచేసేసరికి సిగ్నలు అందదు. చెల్లింపులకు చిల్లర నోట్లు, తప్పిపోతే కలుసుకోవడానికి ముందే అనుకున్న ఒక చోటు, పిల్లల జేబులో పెద్దవారి ఫోను నంబరు రాసిన కాగితం ఉండాలి. గర్భాలయంలో ఫొటోలు తీయకూడదు. ఇంటికి తెచ్చుకోవడానికి ఉత్సవ వీధుల్లోని బొమ్మల కన్నా, వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి వడికే పొందూరు ఖద్దరు, సారవకోట మండలం బుడితి కంచు ఇత్తడి పాత్రలు, పలాస జీడిపప్పు, మందస కోవా మంచివి. కోవాను తిరుగు ప్రయాణం నాటి ఉదయమే కొనండి, నిల్వ ఉండదు. దారిలో ఎండ దెబ్బకు చోడి (రాగి) అంబలిని మించినది లేదు. పల్లె కూడళ్ళలో ఉదయం పూట దొరుకుతుంది.

వేసవి తరువాత ఖాళీ దొరికేవారికి ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఉంది. తొలకరి వానలతో వచ్చే నత్తగుల్ల కొంగలు ఆ ఊరి ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు పెట్టి, నవంబరు దాకా ఉంటాయి. ఇచ్ఛాపురం స్టేషనులో దిగి ఆటోలో వెళ్ళి, పొద్దు వాలేలోగా తిరిగి రావచ్చు, గొడుగు మరిచిపోవద్దు.